రెండు కెమెరాలు

మా ఇంటి ముందుగదిలోని అద్దాల బీరువాలో రెండు పాత కెమెరాలు ఉన్నాయి. ఒకటి యాషికా ఎలక్ట్రో 35. రెండవది పెంటాక్స్ కె 1000. రెండూ జపాన్ సంస్థల కెమెరాలే. రెండింటిలోనూ వాడేది 35 మిల్లీమీటర్ల వెడల్పుగల ఫిల్మే. అయినా వాటి స్వభావాలు ఒకే కడుపున పుట్టిన ఇద్దరు అన్నదమ్ముల స్వభావాలంత భిన్నమైనవి. మొదటిది రేంజ్‌ఫైండర్ తరగతికి చెందింది. రెండవది సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్, అంటే అందరూ ఎస్.ఎల్.ఆర్. అని పిలుచుకొనే తరగతికి చెందింది.

నేను జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఇప్పటికీ విద్యార్థులు కొందరు మా ఇంటికి వస్తూ ఉంటారు. సెల్‌ఫోనుతో రోజుకు వంద ఫొటోలు తీసే ఈ పిల్లలకు బీరువాలోని ఆ కెమెరాలను చూడగానే ఎక్కడలేని కుతూహలం కలుగుతుంది. వాటిని చేతుల్లోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూసి, చివరికి అందరూ ఒకే ప్రశ్న వేస్తారు. "ఈ రెండింటిలో ఏది మంచిది మాస్టారూ?"

ఈ ప్రశ్నకు ఒక్కమాటలో జవాబు చెప్పగలిగిన రోజులు నాకూ ఉండేవి. పద్దెనిమిదేళ్ళ వయసులో ఒక జవాబు చెప్పేవాణ్ణి. ముప్ఫై ఏళ్ళ వయసులో దానికి సరిగ్గా వ్యతిరేకమైన జవాబు చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆ ప్రశ్న వినగానే నాకు కోనసీమలోని ఒక పల్లెలో, మా అమ్మమ్మ ఇంటి గోడమీద ఉన్న ఒక మేకు గుర్తుకు వస్తుంది. ఆ మేకు కథ చెబితే తప్ప ఈ ప్రశ్నకు నేను జవాబు చెప్పలేను.

మా మేనమామ రాజమండ్రిలో ఫొటో స్టూడియో నడిపేవారు. 1980లో ఇంటర్మీడియట్ చదువు కోసం నేను రాజమండ్రి వచ్చి ఆయన ఇంట్లోనే ఉన్నాను. స్టూడియో ముందుగదిలో గోడమీద రంగులతో చిత్రించిన పూలతోట, దాని ముందు ఒక చెక్క కుర్చీ, పక్కన అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా ఉండేవి. వెనక చీకటిగది. అక్కడ ఎర్రదీపపు వెలుగులో, మందునీళ్ళ తొట్టెలో వేసిన తెల్లకాగితం మీద మనిషి ముఖం మెల్లమెల్లగా తేలిరావడం మొదటిసారి చూసినప్పుడు నా ఒళ్ళు జలదరించింది. పెళ్ళిచూపులకు పంపే ఫొటోలు, పరీక్ష దరఖాస్తులకు అంటించే ఫొటోలు, పోయినవారి ఫొటోలను పెద్దవి చేయించి కట్టించుకొనే పటాలు. ఊరివారి జీవితమంతా ఆ తొట్టెలో నుంచే పైకి తేలుతున్నట్లు అనిపించేది.

నా ఆసక్తిని గమనించి మావయ్య తన యాషికా కెమెరాను నాకు ఇచ్చారు. అయితే నెలరోజుల పాటు అందులో ఫిల్ము వేయనివ్వలేదు. "ముందు దూరం చూడటం నేర్చుకో" అన్నారు. వీధి అరుగుమీద కూర్చుని, ఎదుటి వేపచెట్టు ఎన్ని అడుగుల్లో ఉందో, నడిచివచ్చే మనిషి ఎన్ని అడుగుల్లో ఉన్నాడో ముందుగా మనసులో అనుకొని, ఆ తరువాత కెమెరాతో సరిచూసుకొనేవాణ్ణి. నెల తిరిగేసరికి నా అంచనా అడుగు తేడాతో నిలబడసాగింది.

దూరాన్ని కొలిచే ఆ ఉపాయం చాలా చక్కనిది. మన రెండు కళ్ళ మధ్య కొంత ఎడం ఉండబట్టే వస్తువుల దూరం మనకు సులభంగా తెలుస్తున్నది. ఒక కన్ను మూసుకొని సూదిలో దారం ఎక్కించబోతే ఈ సంగతి బోధపడుతుంది. రేంజ్‌ఫైండర్ కెమెరా కూడా ఇలాగే రెండు కళ్ళతో చూస్తుంది. దాని ముఖంమీద కొంత ఎడంగా రెండు చిన్న కిటికీలు ఉంటాయి. ఒక కిటికీలో నుంచి మనం దృశ్యాన్ని నేరుగా చూస్తాం. రెండవ కిటికీలో నుంచి వచ్చిన ప్రతిబింబం, లోపలి అద్దాల సాయంతో మొదటి దృశ్యం నడుమ చిన్న మచ్చలా కనిపిస్తుంది. లెన్సు మీది వలయాన్ని తిప్పుతూ పోతే, రెండుగా కనిపించిన ముఖం ఒకచోట ఒక్కటిగా కలిసిపోతుంది. కలిసిన చోటే సరియైన ఫోకస్. మసకవెలుతురులో కూడా ఈ కలయిక స్పష్టంగా తెలుస్తుంది.

ఆ కిటికీకి మరొక గుణం ఉంది. ఫిల్ముమీద పడే దృశ్యం ఎంతవరకో అందులో ఒక మెరిసే గీత చూపుతుంది. ఆ గీత అవతల ఉన్న లోకం కూడా కొంత కనబడుతూనే ఉంటుంది. చిత్రంలోకి ఎవరు రాబోతున్నారో, ఎవరు వెళ్ళిపోతున్నారో ముందే తెలుస్తుంది. ఒక దసరా రోజున దేవీచౌక్‌లో రాత్రిపూట హరికథ జరుగుతున్నప్పుడు నేను ఫ్లాష్ లేకుండా ఫొటో తీశాను. కథకుని చేయి పైకి లేవబోతున్నదని, అదే క్షణంలో పక్కనున్న ముసలాయన ముందుకు వంగబోతున్నాడని ఆ కిటికీయే నాకు చెప్పింది. ఇద్దరూ గీతలోపలికి వచ్చిన క్షణంలో మీట నొక్కాను. లెన్సులోనే అమర్చిన షట్టరు చేసిన చప్పుడు గడియారపు టిక్కు కంటే మించలేదు. పక్కన కూర్చున్నవారికి కూడా ఫొటో తీసిన సంగతి తెలియలేదు.

ఇటువంటి కెమెరాలకు పెద్ద చరిత్రే ఉంది. జర్మనీలో ఆస్కార్ బార్నాక్ అనే సాంకేతిక నిపుణుడు రూపొందించిన లైకా కెమెరా 1925లో లైప్‌జిగ్ సంతలో లోకానికి పరిచయమైంది. లెన్సుతో కలిసి కదిలే రేంజ్‌ఫైండర్ 1932లో ఆ కెమెరాలో వచ్చి చేరింది. అంతవరకు ఫొటోగ్రాఫరంటే ముక్కాలిపీటతో, బరువైన పెట్టెతో వచ్చి అందరినీ కదలవద్దని చెప్పే వ్యక్తి. జేబులో పట్టే కెమెరా వచ్చాక అతడు జనంలో ఒకడైపోయాడు. ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు ఆన్రీ కార్టియే బ్రెసాఁ తన లైకాతో మన దేశమంతా తిరిగాడు. 1948 జనవరి 30న గాంధీజీని ఆయన హత్యకు కొద్దిసేపటి ముందు కలుసుకున్నాడు. ఆ తరువాత ఆ మహనీయుని అంతిమయాత్రనూ, శోకంలో మునిగిన ఢిల్లీ నగరాన్నీ చిత్రించాడు. మావయ్య దగ్గర ఉన్న ఒక పాత పత్రికలో ఆ చిత్రాలను చూసి, నా చేతిలో ఉన్నదే ప్రపంచంలోకెల్లా గొప్ప కెమెరా అని నిశ్చయించుకున్నాను.

మావయ్య మాత్రం ఒక హెచ్చరిక చేశారు. "ఒరేయ్, ఈ కిటికీ వేరు, లెన్సు వేరు. నువ్వు చూసేది ఒకటి, ఫిల్ము చూసేది మరొకటి. ఈ మాట మాత్రం మరచిపోకు." నేను తల ఊపాను. యౌవనంలో తల ఊపినంత సులభంగా మాట తలకెక్కదు.

మా అమ్మమ్మకు ఫొటో అంటే భయం. ఆ భయానికి కారణం ఉంది. 1962లో మావయ్య కొత్తగా స్టూడియో తెరిచినప్పుడు, మొట్టమొదట తన తండ్రిని కూర్చోబెట్టి ఫొటో తీశారు. ఆ ఏడాదే తాతయ్య కన్నుమూశారు. ఆ ఒక్క ఫొటోయే ఆయన ఆయుష్షును తాగేసిందని అమ్మమ్మ నమ్మింది. కొడుకును ఒక్క మాట అనలేదు. కాని ఆ తరువాత ఏ కెమెరా ముందూ కూర్చోలేదు. పెళ్ళిళ్ళలో ఫొటోగ్రాఫరు కనబడితే కొంగు అడ్డం పెట్టుకొని వంటశాల వైపు వెళ్ళిపోయేది. తాతయ్య పటం తగిలించిన రోజున మావయ్య ఆ పక్కనే మరొక మేకు కూడా కొట్టారట. అమ్మ ఎప్పటికైనా ఒప్పుకోకపోతుందా అని ఆయన ఆశ. ఇరవై రెండేళ్ళు ఆ మేకు ఖాళీగానే ఉంది. ఊళ్ళో వేలమంది ముఖాలను చిత్రించిన మావయ్య దగ్గర కన్నతల్లి ముఖం లేదు.

1984 సంక్రాంతికి అందరం అమ్మమ్మ ఊళ్ళో కలిశాం. కనుమ నాటి ఉదయం నేను అరుగుమీద కూర్చుని కెమెరా తుడుచుకుంటున్నాను. అమ్మమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత మెల్లగా, "నాన్నా, నన్నొక ఫొటో తీస్తావా?" అని అడిగింది. నేను నిర్ఘాంతపోయాను.

"మావయ్యను పిలుస్తానుండు అమ్మమ్మా" అని లేవబోయాను.

"వద్దురా. వాడు కెమెరా పట్టుకుంటే నాకు మీ తాతయ్యే గుర్తొస్తారు. ఏడుపు ముఖంతో ఫొటో ఎందుకు? నువ్వైతే నవ్వగలను. ఆయన పక్కన ఆ మేకు బోసిగా ఉంటే బాగుండలేదు" అంది.

ఆమె ఉతికిన నేతచీర కట్టుకొని రావడానికి లోపలికి వెళ్ళింది. వీధిలో పిల్లలు పరుగులు తీస్తూ దుమ్ము రేపుతున్నారు. లెన్సుమీద దుమ్ము పడుతుందని నేను మూత పెట్టాను. అమ్మమ్మ వచ్చి అరుగుమీద స్తంభానికి ఆనుకొని కూర్చుంది. కొబ్బరాకుల సందుల్లో నుంచి పడిన ఎండ ఆమె బుగ్గమీద కదులుతున్నది. ఎక్కడ మనసు మార్చుకుంటుందో అన్న తొందరలో కెమెరా కంటికి ఆనించాను. కిటికీలో ఆమె ముఖం రెండుగా కనిపించి, వలయం తిప్పగా ఒక్కటైంది. ఆమె నవ్వింది. నొక్కాను. కొంగు సర్దుకుంది. నొక్కాను. మొత్తం ఆరు ఫొటోలు తీశాను. ఆరింటిలోనూ ఆమె నవ్వు నాకు స్ఫుటంగా కనిపించింది.

ముప్ఫై ఆరు ఫొటోలు పట్టే ఫిల్ములో ఇంకా పదిహేను మిగిలి ఉన్నాయి. ఆ రోజుల్లో సగం వాడిన ఫిల్మును కడిగించడం దుబారా కింద లెక్క. అది పూర్తయ్యాక చూద్దాం లెమ్మని రాజమండ్రి వచ్చేశాను. మాఘమాసం చివర ఒక తెల్లవారుజామున అమ్మమ్మ పోయిందని కబురు వచ్చింది. నిద్రలోనే ప్రాణం పోయిందట.

పెద్దకర్మ నాటికి పటం కట్టించాలి. ఫొటో ఉందని నేను చెప్పినప్పుడు మావయ్య నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఆయన ముఖంలో ఒక్కసారిగా కనిపించిన వెలుగును నేనింకా మరచిపోలేదు. ఆ రాత్రే ఇద్దరం చీకటిగదిలోకి వెళ్ళాం. ఆయనే స్వయంగా ఫిల్మును డెవలపరులో కడిగి, హైపోలో ఉంచి, దీపం వేసి పైకెత్తి చూశారు. సంక్రాంతి ముగ్గులు ఉన్నాయి. భోగిమంట ఉంది. గంగిరెద్దు ఉంది. ఆ తరువాత ఆరు గళ్ళు ఖాళీగా, గాజుముక్కల్లా పారదర్శకంగా ఉన్నాయి. ఆ పైన మళ్ళీ గోదావరి గట్టు ఉంది.

వెలుతురు సోకని నెగెటివ్ అలాగే ఉంటుందని నాకు తెలుసు. మావయ్యకూ తెలుసు. లెన్సుకు మూత ఉండగానే నేను ఆరు ఫొటోలూ తీశాను. చూపు వేరే కిటికీలో నుంచి సాగుతుంది కాబట్టి ఆ మూత నాకు కనబడలేదు. వెలుతురును కొలిచే కన్ను కూడా ఆ కెమెరాలో లెన్సు వెనక కాక ముఖంమీద విడిగా ఉంటుంది. అందువల్ల అదీ నన్ను హెచ్చరించలేదు. కెమెరా తన పని తాను సక్రమంగానే చేసింది. నా పనిని నేను చేయలేదు.

మావయ్య చాలాసేపు ఆ ఫిల్మును దీపానికి ఎదురుగా పట్టుకొని నిలబడ్డారు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మరునాడు బంధువులందరి ముందూ, "ఫిల్ము కడగడంలో నావల్ల పొరపాటు జరిగింది. అమ్మ ఫొటో పాడైపోయింది" అని చెప్పారు. మా అమ్మ ఏడ్చింది. "ఇంత అనుభవం ఉండి ఇదేమిటన్నయ్యా" అంది. పెద్దవాళ్ళు తలో మాటా అన్నారు. ఆయన తల వంచుకొని విన్నారు. నేను ఒక మూల నిలబడ్డాను. నోరు తెరిచి నిజం చెప్పలేదు.

ఆ తరువాత నాలుగేళ్ళు నేను యాషికాను ముట్టుకోలేదు. ఉద్యోగం వచ్చాక 1988లో మావయ్య తనకు తెలిసిన ఒకరి దగ్గర పెంటాక్స్ కె 1000 అమ్మకానికి ఉందని చెప్పి నా చేత కొనిపించారు. "ఇందులో మూత ఉంటే చీకటే కనిపిస్తుంది" అని మాత్రం అన్నారు. ఆ మాట వెనక ఎత్తిపొడుపు లేదు. గాయానికి మందు రాసే వైద్యుని స్వరమే అది.

ఎస్.ఎల్.ఆర్. కెమెరాలో లెన్సు వెనక నలభై ఐదు డిగ్రీల వాలులో ఒక అద్దం ఉంటుంది. లెన్సులో నుంచి వచ్చిన వెలుతురు ఆ అద్దంమీద పడి పైకి మళ్ళి, ఒక గరుకు గాజుఫలకం మీద ప్రతిబింబంగా నిలుస్తుంది. దానిపైన ఉండే గాజు పట్టకం ఆ ప్రతిబింబాన్ని సరిచేసి కంటికి అందిస్తుంది. మనం చూసేదీ, ఫిల్ము చూడబోయేదీ ఒకటే. 1936లో జర్మనీలో వచ్చిన కీన్ ఎక్సాక్టా, 1949లో పట్టకంతో వచ్చిన కాంటాక్స్ ఎస్, 1954లో ఫొటో తీయగానే అద్దం తిరిగి కిందికి దిగే ఏర్పాటుతో జపాన్‌లో వచ్చిన అసాహిఫ్లెక్స్, 1959లో పత్రికా ఛాయాచిత్రకారులను ఆకట్టుకొన్న నైకాన్ ఎఫ్. ఇలా మెట్టు తరువాత మెట్టుగా ఈ తరగతి ఎదిగింది.

ఈ కెమెరా నాకు కొత్తలోకం చూపింది. పొడవైన లెన్సు తగిలిస్తే కాలువ అవతలి తీగమీద కూర్చున్న లకుముకి పిట్ట చేతికందేంత దగ్గరగా కనిపించింది. దగ్గరి వస్తువులను తీసే లెన్సు తగిలిస్తే వరికంకి మీది పూత, మగ్గంమీద ఒక్కొక్క పోగూ విడివిడిగా కనిపించాయి. ఏది స్పష్టంగా ఉంటుందో, వెనక ఏది మసకబారుతుందో ముందే చూసుకొనే వీలు కలిగింది. రేంజ్‌ఫైండరుతో ఇవి కష్టసాధ్యం. అందులో లెన్సు పొడవు పెరిగే కొద్దీ కిటికీలోని చట్రం చిన్నదవుతుంది, దూరపు కొలతలో పొరపాటుకు అవకాశం పెరుగుతుంది. యాషికాకైతే లెన్సు మార్చే వీలే లేదు. మరీ దగ్గరగా వెళితే కంటికి కనిపించినదానికీ, ఫిల్ముమీద పడినదానికీ తేడా వస్తుంది. పైగా యాషికా బ్యాటరీమీద ఆధారపడి పనిచేస్తుంది. పెంటాక్సులో బ్యాటరీ అయిపోయినా వెలుతురు కొలిచే ముల్లు మాత్రమే ఆగుతుంది, షట్టరు ఆగదు. ఇన్ని సుగుణాలు చూశాక, ఎవరడిగినా ఎస్.ఎల్.ఆర్. ఒక్కటే కెమెరా అని వాదించేవాణ్ణి. నిజానికి ఆ వాదన కెమెరా గురించి కాదు. నా తప్పును మరొకదానిమీదికి నెట్టివేయడానికి నేను వెతుక్కున్న తోవ అది.

అయితే పెంటాక్సు కూడా తన లోపాలను క్రమంగా బయటపెట్టింది. మీట నొక్కగానే అద్దం పైకి లేస్తుంది. ఆ క్షణంలో కన్ను చీకటిని చూస్తుంది. అంటే ఫిల్ముమీద పడిన క్షణం ఒక్కటే నేను చూడని క్షణం. లకుముకి పిట్ట నీటిలోకి దూకడం నేను కంటితో చూశానంటే, అది ఫిల్ముమీద లేదన్నమాటే. పైగా అద్దం లేచి పడే చప్పుడు నిశ్శబ్దంగా ఉన్న గదిలో అందరినీ ఉలిక్కిపడేలా చేస్తుంది. మా పిన్ని కూతురి అప్పగింతల్లో తల్లీకూతుళ్ళు ఒకరినొకరు పట్టుకొని ఏడుస్తున్నారు. ఒక్కసారి ఆ చప్పుడు వినగానే ఇద్దరూ నా వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు. వారిది కావలసిన క్షణాన్ని నేను లాక్కున్నట్లు అనిపించి సిగ్గుపడ్డాను. మసకవెలుతురులో షట్టరు వేగం తగ్గించి తీస్తే, అద్దం కదలిక వల్ల చేతిలోని కెమెరా అదిరి చిత్రం చెదిరిపోయేది.

2004లో మావయ్యకు ఆరోగ్యం బాగా క్షీణించింది. అప్పటికే డిజిటల్ కెమెరాల రాకతో చీకటిగదికి పని తగ్గిపోయింది. ఒక వానాకాలపు సాయంత్రం ఆయనను చూడటానికి వెళ్ళాను. కిటికీ పక్కన మంచంమీద కూర్చుని, తన మనవడికి ఒక పాత నెగెటివును వెలుతురుకు ఎదురుగా పట్టి చూపిస్తున్నారు. "ఇందులో నల్లగా ఉన్నది తెలుపు, తెల్లగా ఉన్నది నలుపు. తిరగేసి చూడటం రావాలిరా" అని చెబుతున్నారు. తాత వేళ్ళ మధ్య ఫిల్ము, దాన్ని చూస్తున్న పిల్లవాడి కళ్ళు, ఇద్దరిమీదా వానవెలుగు. వారు నన్ను గమనించలేదు.

నా భుజాన పెంటాక్స్ ఉంది. కాని దాని చప్పుడుతో ఆ క్షణం చెదిరిపోతుందని నాకు తెలుసు. ఆ వెలుతురుకు దాని అద్దం అదురుతుందనీ తెలుసు. గోడ పక్కనున్న బల్లమీద యాషికా కనిపించింది. దానికి సరిపడే పాదరసపు బ్యాటరీలు దొరకకపోయినా, మావయ్య చిన్న బ్యాటరీలను పేర్చి, మధ్య స్ప్రింగు పెట్టి దాన్ని బతికించుకుంటున్నారు. లోపల ఫిల్ము ఉంది. ఇరవై ఏళ్ళ తరువాత దాన్ని చేతిలోకి తీసుకున్నాను. కంటికి ఆనించే ముందు నా వేలు తనంతట తానే ముందుకు వెళ్ళి లెన్సును తడిమింది. మూత ఉంది. తీసి జేబులో వేసుకున్నాను. కిటికీలో ఆ ముఖాలు రెండుగా ఉండి ఒక్కటయ్యాయి. మీట నొక్కాను. ఎవరికీ వినబడలేదనుకున్నాను.

మావయ్య తల తిప్పకుండానే చిన్నగా నవ్వి, "మూత తీశావా?" అని అడిగారు.

ఆ మాటతో నాకు దుఃఖం పొంగివచ్చింది. ఇరవై ఏళ్ళలో ఆయన ఆ ప్రస్తావన తెచ్చింది ఆ ఒక్కసారే. క్షమించానని చెప్పలేదు. క్షమించవలసినదేదో జరిగిందన్నట్లు కూడా మాట్లాడలేదు. పని నేర్పిన గురువు శిష్యుణ్ణి అడగవలసిన ప్రశ్న అడిగారు, అంతే.

రెండేళ్ళ తరువాత మావయ్య పోయారు. నేను ఆనాడు తీసిన చిత్రాన్నే పటం కట్టించాం. అమ్మమ్మ ఇంట్లో తాతయ్య పటం పక్కన ఖాళీగా ఉన్న మేకుకు దాన్ని తగిలించబోయారు. నేను ఆపాను. అది అమ్మమ్మ స్థలమని చెప్పాను. ఆ ఫొటో ఎవరివల్ల పోయిందో కూడా అప్పుడే, అందరి ముందూ, మా అమ్మ ముఖంలోకి చూస్తూ చెప్పాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "అన్నయ్యను ఎన్ని మాటలన్నానురా" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మావయ్య పటానికి మరొక మేకు కొట్టాం. అమ్మమ్మ మేకు ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

ఈ ఏళ్ళలో ఫిల్ము ప్రపంచం ఎంతో మారిపోయింది. 2009లో కొడాక్ సంస్థ తన ప్రసిద్ధమైన కోడాక్రోమ్ ఫిల్ము తయారీని నిలిపివేసింది. ఊటీలో మన ప్రభుత్వం నెలకొల్పిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ కర్మాగారం మూతపడింది. అయినా ఫిల్ము పూర్తిగా అంతరించలేదు. 2022లో లైకా సంస్థ తన పాత ఎం6 రేంజ్‌ఫైండరును మళ్ళీ తయారుచేయడం మొదలుపెట్టింది. 2024లో పెంటాక్స్ 17 అనే కొత్త ఫిల్ము కెమెరా విపణిలోకి వచ్చింది. గడిలో వెంటనే బొమ్మ కనిపించే ఈ రోజుల్లో కూడా, కనిపించని బొమ్మ కోసం ఓపికగా ఎదురుచూసేవారు కొందరు మిగిలే ఉన్నారు.

కాబట్టి ఏది మంచిదని అడిగే విద్యార్థులకు నేను ఇలా చెబుతాను. జనంలో కలిసిపోయి తిరగాలన్నా, మసకవెలుతురులో తీయాలన్నా, ఎవరి ఏకాంతాన్నీ చెదరగొట్టకుండా తీయాలన్నా రేంజ్‌ఫైండర్ తీసుకోండి. పక్షిని, ఆటగాణ్ణి, పువ్వులోని పుప్పొడిని తీయాలంటే, చట్రంలోని ప్రతి అంగుళం కచ్చితంగా ఉండాలంటే ఎస్.ఎల్.ఆర్. తీసుకోండి. కాని దేన్ని తీసుకున్నా, అది మీకు ఏమి చూపుతుందో తెలుసుకొని ఊరుకోవద్దు. మీ కంటికి అది దేన్ని చూపదో కూడా తెలుసుకోండి. ఒకటి ముందున్న మూతను చూపదు. మరొకటి మీట నొక్కిన క్షణాన్ని చూపదు. ఆ చూపని చోట జరిగే తప్పుకు కెమెరా బాధ్యత వహించదు. దాన్ని పట్టుకున్న చేయే బాధ్యత వహించాలి. ఆ బాధ్యతను ఒప్పుకోవడానికి నాకు ఇరవై రెండేళ్ళు పట్టింది. మీకు అంతకాలం పట్టకూడదని నా కోరిక.

మొన్న ఒక విద్యార్థిని యాషికాను అడిగి తీసుకుంది. వాళ్ళ నాయనమ్మను ఫొటో తీస్తుందట. గుమ్మం దాటబోతున్న ఆ అమ్మాయిని వెనక్కి పిలిచాను. ఆమె ఏదైనా మరచిపోయానేమోనని ఆగింది.

"కంటికి ఆనించే ముందు లెన్సును ఒకసారి వేలితో తడిమి చూసుకో తల్లీ" అన్నాను. "ఫిల్ము సగంలో ఉన్నా పరవాలేదు, వెంటనే కడిగించు."